మా అత్తమ్మ కూరల సైటు, నా ఆషాఢం

మా అత్తమ్మకు ఫోన్ మోగితె మండుతది. పొద్దుగాల నాలుగ్గొట్టంగ మోగితె ఇంకింత మండుతది. ఎందుకంటె గప్పుడు ఆమె ఒక చెయ్యి గంటె మీద ఉంటది, ఇంకో చెయ్యి కారం డబ్బల ఉంటది. ఫోనేమో బియ్యం డబ్బ మీద ఎగురుకుంట మొత్తుకుంటది.

"అమ్మా, ఇయ్యాల ఏం కూర?"

గంతే. అందరిది గదొక్కటే ముచ్చట. బీరంగూడల మాది కర్రీ పాయింట్. కంపెనీ బస్సులెక్కేటోళ్లు రూముల బువ్వ వండుకోని డబ్బ కట్టుకుంటరు, కూర మాత్రం మా దగ్గర కొనుక్కుంటరు. పొద్దటి షిఫ్టోళ్లకు తెల్లారకముందే కూర తయ్యారుండాలె. ఇగ వాళ్లేమో మంచంల కెల్లి లేవకముందే మా అత్తమ్మకు ఫోన్ గొడ్తరు. బీహార్ పిలగాండ్లయితె, "అమ్మా, ఆజ్ క్యా హై?" అంటరు. మా అత్తమ్మ హిందీ ఆమెదే. "ఆజ్ బీరకాయ హై. లేనా హై తో లే, నై తో పో" అని పెట్టేస్తది. గా పెట్టేసే లోపల ఆవాలు మాడిపోతయి.

నేను కొత్త కోడల్ని. పెండ్లయి నాలుగు నెలలు గూడ గాలే. ఒకనాడు పోపు మాడిన వాసనకు లేచి వచ్చి, నోరు ఊకుండక అన్న. "అత్తమ్మా, ఏం కూరనో ఇంటర్నెట్ల పెడితె ఎవ్వరు ఫోన్ జెయ్యరు గదా."

"స్టేటస్ పెట్టుమంటవా?" అన్నది. "పెట్టిన, అయిపోయింది. స్టేటస్ కనబడాలంటె ఆళ్ల నెంబర్ నేను ఎక్కియ్యాలె, నా నెంబర్ ఆళ్లు ఎక్కియ్యాలె. నెంబరుంటె ఊకుంటరా? స్టేటస్ జూసి మళ్ల ఫోన్ జేస్తరు, అమ్మా కూరల పులుపు ఎక్కువుందా తక్కువుందా అని."

"స్టేటస్ గాదత్తమ్మా. సైటు. సైటుకు ఫోన్ జెయ్యరాదు."

ఆమె గంటె ఆపి నన్ను జూసింది. నేను ఆ ఇంట్ల చెప్పిన మాటల మొదటిసారి పనికొచ్చే మాట గదే అనుకుంట.

నేను సదువుకున్నది ఇంటర్. అది గూడ ఈడ్సుకుంట పాసైన. తర్వాత మా ఊరి దగ్గర జిన్నారంల ఒక ఇంటర్నెట్ సెంటర్ల కూసున్న. జిరాక్సులు, అప్లికేషన్లు, తెలుగు టైపింగు. పని లేనప్పుడు యూట్యూబుల సైట్లు జేసే వీడియోలు జూస్తుంటి. హిందీల చెప్పేటోడు ఒకడుండె. వాడు ఎప్పుడు "బహుత్ ఆసాన్ హై" అంటడు, నాకు ఎప్పుడు గాకపోతుండె. అయినా మస్తు మజా అనిపిస్తుండె. నేను రాసిన అక్షరం ఇంకెవరి ఫోన్లనో కనబడుడు అంటె, పేపర్ల ఫోటో పడ్డట్టే గదా.

పెండ్లయినంక మా ఆయన తన దోస్తు దగ్గర పాత లాప్‌టాప్ ఒకటి కొనుక్కొచ్చిండు. అది లేసేటాళ్లకు ఛాయ్ తాగి గ్లాసు కడిగి రావచ్చు. కాని అది నాది. మా ఇంట్ల మంచం అత్తమ్మది, బీరువా అత్తమ్మది, టీవీ రిమోట్ గూడ అత్తమ్మదే. లాప్‌టాప్ ఒక్కటే నాది.

మొదట్ల ఫ్రీగ సైటు జేసిచ్చే ఒక తాన జేసిన. బటన్లు లాగుడు, ఫోటోలు పెట్టుడు. సైటైతె వచ్చింది గాని, వాడు పైన అడ్వర్టైజ్‌మెంట్ పెట్టిండు, రమ్మీ ఆడుండ్రి, పైసలు గెల్సుండ్రి అని. అత్తమ్మ జూసి, "నేను కూరలమ్ముతున్ననా, పేకాట ఆడిస్తున్ననా?" అని లొల్లి జేసింది. పైకెల్లి అది మస్తు బరువు. బస్ స్టాప్ కాడ సిగ్నల్ ఒక గీత ఉంటది, గా ఒక్క గీతకు అది తిరుగుతనే ఉండె, తిరుగుతనే ఉండె. బస్సు వచ్చేది గాని సైటు రాకపోయేది.

గప్పుడే ఆ హిందీ ఆయన వీడియోల స్టాటిక్ సైట్ జనరేటర్ అని చెప్పిండు. పేరు జూసి నేను ముందే దండం బెట్టిన, మనతోని గాదు అని. కాని రొండు మూడు సార్లు జూసినంక నవ్వొచ్చింది. ఇది మా కర్రీ పాయింటే!

ఎట్లంటె జూడుండ్రి. టిఫిన్ బండోడు ఉన్నడు గదా, మనిషి పోయి నిలబడ్డంక దోశ పోస్తడు. పది మంది వస్తె పది దోశలు, నూరు మంది వస్తె ఆగం. చానా సైట్లు గట్లనే. మనం తెరిచినప్పుడల్ల ఆడ ఎక్కడనో ఒక కంప్యూటర్ అప్పటికప్పుడు దోశ పోస్తది. మా కర్రీ పాయింట్ల గట్ల గాదు. పొద్దుగాలనే వండి, కవర్లల్ల కట్టి, దారం సుట్టి పెడ్తం. మనిషి రాంగనే చేతుల బెట్టుడే. స్టాటిక్ సైటంటె గదే. ముందుగాలనే పేజీలన్ని వండి కట్టి పెట్టుడు. అందుకే ఒక్క గీత సిగ్నల్‌కు గూడ టక్కుమని వస్తది. పెట్టుకోనీకి జాగ గూడ ఫ్రీగ ఇస్తరు, రమ్మీ లేకుంట.

వండేది ఆ జనరేటర్. మనం ఇచ్చేది ఉత్త అక్షరాలు. రోజుకొక చిన్న ఫైల్, దాంట్ల పైన మూడు గీతలు గొట్టాలె, తారీఖు రాయాలె, పేరు రాయాలె, మళ్ల మూడు గీతలు. కింద మన ముచ్చట. రంగులు, బొమ్మలు, అక్షరాల సైజు, ఇవన్ని వేరే తాన ఒక్కసారే పెట్టుకుంటం. అది ఇడ్లీ ప్లేటు లెక్క. పిండి ఏదన్నగానీ, ఇడ్లీ గుండ్రంగనే వస్తది. ఇగ ఒక్క ముక్క టైప్ జేసి ఎంటర్ గొడితె, నల్ల డబ్బాల తెల్లటి అక్షరాలు జర్రున ఉరికి, సైటు మొత్తం మళ్ల కొత్తగ తయారైతది. రెప్ప గొట్టేలోపల. మొదటిసారి అది అయినప్పుడు నేను లాప్‌టాప్‌ను ముద్దు పెట్టుకున్న. మా ఆయన జూసి, "నాకు గిట్ల పెట్టవు" అన్నడు.

కూరలు అమ్మే బల్ల మీద నలుపు తెలుపు గళ్ల స్టిక్కర్ అతికించినం. ఫోన్ జూపిస్తె సైటు వస్తది. పైన పెద్దగ తారీఖు, కింద ఇయ్యాల్టి కూరలు. గంతే, ఇంకేం లేదు. వారం పదిరోజుల్ల ఫోన్లు తగ్గినయి. పోపు మాడలే. పక్కన బ్లౌజులు కుట్టే అక్క గూడ అడిగింది, నా డిజైన్లకు గిట్లాంటిది జేసిస్తవా అని. నేను గాల్లె తేలుతున్న. ఇగ ఇదే నా పని, కూరల సైటుతోని మొదలువెట్టి బీరంగూడ దుకాణాలన్నిటికి జేస్త అని లోపల్లోపల్నే పెద్ద పెద్దగ అనుకుంటున్న.

గంతల ఆషాఢం వచ్చింది.

కొత్త కోడలు ఆషాఢంల అత్తతోని ఒక గడప దాటొద్దు గదా. పుట్టింటికి పోవాలె. అల్లుడు గూడ అత్తారింటి దిక్కు పోవద్దు. మా అత్తమ్మ పంచాంగం జూసి ఎన్నడు పోవాల్నో, ఎన్నడు రావాల్నో చెప్పింది. తర్వాత లాప్‌టాప్ దిక్కు జూసింది.

"మరి నీ సైటు ఎవ్వరు నడుపుతరు?"

"నేనే. ఫోన్ల కెల్లి నడుపుత. నువ్వు పొద్దుగాల వాయిస్ మెసేజ్ పెట్టు అత్తమ్మా, ఇది వండుతున్న అని. నేను ఆడికెల్లి ఎక్కిస్త. గడప దాటొద్దన్నరు గాని ఫోన్‌కు గడప యాడుంది?"

ఆమె పాన్‌డబ్బ మూసి, బేరం పెట్టింది. మా అత్తమ్మ కూరగాయల మార్కెట్ల బేరమాడినట్టే ఇంట్ల గూడ ఆడుతది.

"సరే ఇను. ఆషాఢం అయ్యేదాక సైటు కరెక్టుగ నడిస్తె, అది నీ పని. నేను అడ్డం రాను. కుట్టే అక్కకు జేస్తవో, ఊరందరికి జేస్తవో నీ ఇష్టం. కాని ఒక్కపొద్దు తప్పు కూర జూపించిందనుకో, లాప్‌టాప్ వాపస్ ఆ దోస్తుకే ఇచ్చేస్తం. నువ్వు వచ్చి నా పక్కన నిలబడి గంటె పట్టాలె, పొద్దుగాల్నుంచి పొద్దుమూకేదాక. ఒప్పుకున్నవా?"

"ఒప్పుకున్న."

"లాప్‌టాప్ ఈడనే ఉంటది. బేరం తేలేదాక."

జూసిండ్రా? తాకట్టు బెట్టుకున్నది.

నేను భయపడలే. పోకముందే అంతా సెట్ జేసుకున్న. ఇన్నొద్దులు వంట నా లాప్‌టాప్‌ల నేనే జేసి, కట్టిన కవర్లు ఆ ఫ్రీ జాగకు పంపుతుంటి. ఇప్పుడు లాప్‌టాప్ లేదు గనుక, ఫోన్ల ఆ రోజు ఫైల్ రాసి సేవ్ గొడితె, ఆడి కంప్యూటరే వంట జేసి పెట్టేటట్టు పెట్టిన. అత్తమ్మ పగటీలి పండుకున్నప్పుడు ట్రై జేసిన. మంచిగొచ్చింది. రొండుసార్లు ట్రై జేసిన, రొండుసార్లు వచ్చింది. ఆదివారం పొద్దటి కూరలు లాప్‌టాప్ మీదనే ఎక్కించి (చికెన్, బోటి, పచ్చిపులుసు), నిమ్మళంగ బస్సెక్కిన.

సోమవారం నాలుగింటికి మా పుట్టింట్ల నా ఫోన్ మోగింది. అత్తమ్మ వాయిస్. ఆమె వాయిస్ మెసేజ్ల గూడ "హలో, హలో, ఇనబడుతుందా" అంటది. "ఇయ్యాల సొరకాయ, టమాట పప్పు, చారు. ఇనబడిందా? సొరకాయ." నేను దుప్పట్లనే కొత్త ఫైల్ల టైప్ జేసి, సోమారం తారీఖు ఏసి, సేవ్ గొట్టి పండుకున్న. పుట్టిల్లు గదా, నిద్ర మస్తు తియ్యగుంటది.

ఆరున్నరకు మళ్ల మోగింది. ఈసారి వాయిస్ గాదు, ఉత్త కాల్.

"ఏమే! నేను సొరకాయ అంటె నువ్వేం రాసినవ్?"

"సొరకాయనే రాసిన అత్తమ్మా."

"మరి ఈడ జనమంతా చికెన్ ఏదని నా పానం తింటున్నరేంది? ఒకడైతె ఫోన్ తెచ్చి నా మూతికి బెట్టిండు, అమ్మా జూడు, నువ్వే రాసినవ్ బోటి అని. సోమారం పొద్దుగాల బోటి ఎవ్వలన్న వండుతరా? గుడికి పోయి వచ్చినోళ్లు గూడ ఉన్నరు ఈడ!"

నేను జల్దీ సైటు తెరిచిన. నిజమే. ఆదివారం తారీఖు, చికెన్, బోటి, పచ్చిపులుసు. నా సొరకాయ ఎటు పోయిందో ఏమో. ఫైల్ల జూస్తె సొరకాయ ఉంది. సైటుల లేదు. ఏం జెయ్యాల్నో తెల్వక, చారు పక్కన ఒక చుక్క బెట్టి మళ్ల సేవ్ గొట్టిన. కొంచెం సేపటికి సొరకాయ వచ్చింది! నాకు ఏం సమజ్ గాలే.

"వచ్చింది అత్తమ్మా! నెట్‌వర్క్ ఉండొచ్చు."

"బస్సులన్ని పోయినంక వచ్చింది. బేరం యాదికుంది గదా?" అని, మళ్ల తనే అన్నది, "రాయి. నా మాటగ రాయి గా సైటుల. నిన్నటి చికెన్ నిన్ననే అయిపోయింది. ఇయ్యాల సొరకాయనే. చికెనే గావాల్నంటె నా కోడలు పుట్టింటికి పోయి అడుక్కోండ్రి. రాసినవా? అక్షరం తప్పొద్దు."

రాసిన. కోపంల ఉన్న అత్త మాట ఎవ్వరు మారుస్తరు? ఆమె అన్నది అన్నట్టే, బరాబర్ దింపిన.

మంగళారం పొద్దుగాల జాగ్రత్తగ జేసిన. డాబా మీదికెక్కి, సిగ్నల్ మంచిగున్న మూలకు నిలబడి, వానల ఛత్రి పట్టుకోని సేవ్ గొట్టిన. మళ్ల రాలే! మళ్ల నిన్నటి సొరకాయనే, మళ్ల నిన్నటి తిట్లే. ఆరుదాటినంక కామా పెట్టి సేవ్ గొడితె వచ్చింది. బుధారం గూడ గట్లనే. పొద్దుగాల పోదు, తెల్లారినంక పోతది. పగటీలి ఎన్నిసార్లు జేసినా గుర్రం లెక్క సక్కగ పోతది.

మా అమ్మ నన్ను జూసి పరేషాన్. "అందరి బిడ్డలు పుట్టింటికి వచ్చి పండుకుంటరు. నువ్వేందే, డాబా మీద కావలి కాస్తున్నవ్?" అనుకుంట నిమ్మకాయ తెచ్చి నా ఫోన్ సుట్టు తిప్పి, బజార్ల తొక్కింది. గురువారం నిమ్మకాయ గూడ పనిజెయ్యలే.

అత్తమ్మ ఏమో ఒకటే మాట. "ఆషాఢం గదే, ఏ మంచి పని ముందుకు వోదు. ఆ దోస్తుకు చెప్పుమని చెప్పిన మా వాడికి, లాప్‌టాప్ తీసుకపొమ్మని."

గప్పుడు నాకు నిజంగ ఏడుపొచ్చింది. గంటె పట్టుడు తప్పు పని గాదు, మా అత్తమ్మ గంటె పట్టే ఇల్లు నిలబెట్టింది. కాని నేను నిలబడితె గంటె ఒక్కటే పట్టాలె ఇగ. నల్ల డబ్బాల తెల్ల అక్షరాలు ఉరుకుడు, అది నాది. కుట్టే అక్కకు ఏం చెప్పాలె? చేసిస్త అని మాటిచ్చి ఊకున్న అనాల్నా?

ఒక ముచ్చట మాత్రం ఇచ్చంత్రమైంది. తప్పు కూర జూపిస్తున్నా జనం సైటు తెరుసుడు బంద్ జెయ్యలే. ఇంక ఎక్కువైండ్రట. నేను పండుకున్నా అత్తమ్మ వాయిస్ వస్తనే ఉండె, ఇప్పుడు కూరల పేర్లు రొండు ముక్కలు, మిగిలిందంతా ఆమె ఉపన్యాసం. "హలో, హలో. ఇయ్యాల బెండకాయ. జెర ముదిరింది, నేను ముందే చెప్తున్న, తర్వాత నా మీద ఒర్లొద్దు. నిన్న ఎర్ర టోపీ పిలగాడు డబ్బ మర్సిపోయిండు, నేను కడిగి పెట్టిన, కడగకుంట ఇస్తె నోరు తెరుస్తడు గదా. రాయి." నేను ఎప్పటి లెక్కనే రాసిన. ఆ పిలగాడు వచ్చి, "అమ్మా, నా గురించి ఇంటర్నెట్ల రాసినవ్!" అని దోస్తులందరికి జూపించుకున్నడట. అత్తమ్మ ఈ ముచ్చట నాకు కోపంగ చెప్పింది. కాని ఆ కోపం జెర ఎక్కువ సేపు సాగింది. ఇష్టంగ ఉన్న కోపం గట్లనే సాగుతది.

శుక్రారం నాలుగింటికి నేను వాయిస్ కోసం ఎదురుజూస్తున్న, మా ఆయన ఫోన్ జేసిండు. ఆయనది ఆ వారం కంపెనీల సీ షిఫ్టు, అంటె రాత్రి పదింటి నుంచి పొద్దుగాల ఆరింటిదాక. టీ టైంల జేసిండు.

"ఏం జేస్తున్నవే?"

"నీ తల్లి కూర కోసం కూసున్న."

"ఏం ముచ్చట్లు చెప్పు. ఇయ్యాల ఏం వారం?"

"శుక్రారం. నీకు గూడ తెల్వదా?"

"నాకు ఇంక గురువారమే," అన్నడు నవ్వుకుంట. "సీ షిఫ్టుల గట్లనే గదా. ఆరు గొట్టేదాక మాకు నిన్నటి తారీఖే నడుస్తది. మిషిన్ కాడ బోర్డు మీద ఇంక నిన్నటి రోజే ఉంది. ఇప్పుడు శుక్రారం తారీఖు వేస్తె మా సూపర్‌వైజర్ పొట్టు పొట్టు తిడ్తడు, రేపటి మాల్ ఇయ్యాల ఎట్ల జేస్తవ్‌రా అని."

ఆ మాట నా చెవులనే ఆగిపోయింది.

రేపటి మాల్ ఇయ్యాల ఎట్ల జేస్తవ్.

"ఏమే? ఉన్నవా?"

"పెట్టేయ్, పెట్టేయ్. తర్వాత జేస్త," అని కట్ జేసిన. పాపం, ప్రేమగ మాట్లాడనీకి జేసిండు.

డాబా మీదికి ఉరికిన. ఆ ఫ్రీ జాగ ఇచ్చేటోళ్ల కాడ, వంట ఎప్పుడు జేసిండ్రు, ఏం జేసిండ్రు అని రాసుండే ఒక పేజీ ఉంటది. తప్పయితె ఎర్రగ వస్తది, ఎర్రగ ఏం లేదు గదా అని నేనెప్పుడు సరిగ జూడలే. జూస్తె ఏముంది! నిన్న నేను పొద్దుగాల నాలుగున్నరకు సేవ్ గొడితె, ఆడ మొన్నటి తారీఖు, రాత్రి పదకొండు అని ఉంది. ఆ కంప్యూటర్ యాడుందో ఏ దేశంల ఉందో గాని, దానికి మన గడియారం తెల్వదు. మనకు ఐదున్నర అయితె గప్పుడు దానికి రాత్రి పన్నెండయి తారీఖు మారుతది. గందుకే నేను నాలుగున్నరకు ఇయ్యాల్టి తారీఖు వేసి పంపితె, అది రేపటి మాల్ అనుకుంటున్నది. రేపటి ముచ్చట ఇయ్యాల జూపియ్యొద్దని దానికి రూలు ఉంది. తప్పేం జెయ్యలే అది, కొత్త ఫైల్ పక్కకు పెట్టి నిన్నటిదే జూపిస్తున్నది. ఆరు దాటినంక నేను కామా పెట్టి పంపితె, గప్పటికి దానికి గూడ తారీఖు మారింది, వండి పెడ్తున్నది. లాప్‌టాప్‌ల ఎన్నడు గిట్ల ఎందుకు గాలేదంటె, దాని గడియారం మా ఇంటి గడియారమే.

డాబా మీద నేనొక్కదాన్నే నవ్విన. మా అమ్మ కిందికెల్లి, "ఏమైందే, దయ్యం బట్టిందా?" అని అర్సింది.

సైటు సెట్టింగులల్ల ఒక్క లైను రాసుడే ఉండె, గడియారం ఇండియాది పట్టుకో అని. యాడ రాయాల్నో దేవులాడి, రాసిన. గంతల అత్తమ్మ వాయిస్ వచ్చింది. "హలో, హలో. ఇయ్యాల దొండకాయ, పెసరుపప్పు." ఎక్కించిన. సేవ్ గొట్టిన. ఛత్రి గూడ మర్సిపోయి వానల నిలబడి సైటును మళ్ల మళ్ల తెరిచిన. బెండకాయ. బెండకాయ. బెండకాయ. ఇగ మళ్లొకసారి తెరిస్తె, దొండకాయ!

ఇంక చీకటే ఉంది. నాకైతె తెల్లారింది.

ఆరు అయింది. ఫోన్ మోగలే. ఏడు అయింది, మోగలే. ఇగ నేనే ఆగలేక చేసిన.

"అత్తమ్మా, ఎవ్వలన్న అడిగిండ్రా?"

"ఎవ్వలు అడగలే. వచ్చిండ్రు, దొండకాయ అన్నరు, తీసుకపోయిండ్రు. ఏం జేసినవ్?"

ఎట్ల చెప్పాలె? దేశాల గడియారాలు, రూలు, సెట్టింగు... నాకే ఇప్పుడిప్పుడు తెల్సింది. "అత్తమ్మా, ఆడి కంప్యూటర్ సీ షిఫ్టుల ఉండె. దానికి ఇంక తెల్లారలేదు. గందుకే నిన్నటి కూర జూపిచ్చింది."

ఆమె గంటెను గిన్నె అంచుకు కొట్టిన సప్పుడు ఇనబడ్డది.

"గట్ల చెప్పు మరి," అన్నది. "మీ మామ గూడ గంతే. సీ షిఫ్టు జేసినన్నొద్దులు, పొద్దుగాల ఇంటికొచ్చి, పొద్దటి అన్నం పెడితె, రాత్రి అన్నం ఎందుకు లేటయింది అని లొల్లి బెట్టేది. ఎంత చెప్పినా ఇనకపోయేది." మా మామ నేను రాకముందే పోయిండు. ఆయన ముచ్చట ఆమె నాతోని చెప్పుడు గదే మొదటిసారి. తర్వాత, "పొయ్యి మీద చారు ఉంది" అని పెట్టేసింది.

గా రోజు నుంచి ఆషాఢం అయ్యేదాక సైటు ఒక్కపొద్దు తప్పలే. కాని బేరమంటె బేరమే. ఒక్కపొద్దు అన్నది ఆమె, నాది నాలుగు పొద్దులు తప్పింది. లాప్‌టాప్ ముచ్చట నేను అడగలే, ఆమె చెప్పలే. మా ఆయన్ని అడిగితె, "నన్ను నడుమల పెట్టకుండ్రి" అన్నడు.

శ్రావణం వచ్చినంక, పంచాంగంల మంచి గడియ జూసి ఇంటికొచ్చిన. కుడికాలు పెట్టి లోపలికి పోయి, చెప్పులిడిసీ ఇడ్వకముందే కిటికీ కాడ జూసిన. లాప్‌టాప్ ఉండే జాగల ఉల్లిగడ్డల బుట్ట ఉంది.

నీళ్లు తాగిన. బ్యాగు మూలకు పెట్టిన. అత్తమ్మ ఇటు జూడకుంట గోకరకాయ గిల్లుతున్నది. నేను పోయి పక్కన కూసోని గిల్లుడు షురూ జేసిన. ఇగ గంటె పట్టుడే గదా, గోకరకాయతోని మొదలువెడ్త అనుకున్న.

"ఏం దేవులాడినవ్ కిటికీ కాడ?" అన్నది తల ఎత్తకుంట.

"ఏం లేదత్తమ్మా."

"వానలకు ఆ గోడ చెమ్మ గొట్టింది. దాన్ని ఆడ పెడితె ఏం గావాలె?" కొంగుకు కట్టుకున్న తాళంచెవి ఇప్పి నా ఒళ్లె పడేసింది. "బీరువాల ఉంది. పట్టుచీరల కింద."

తెరిచిన. ఆమె పెండ్లి చీర కింద, పాత టవల్ల మలిచి, మా మామ ఫోటో పక్కన పెట్టింది లాప్‌టాప్‌ను. కలరా ఉండలు గూడ ఏసింది. ఇప్పటికి గూడ అది తెరుస్తె గా వాసనే వస్తది.

"అత్తమ్మా, మరి బేరం? తప్పు కూర జూపించింది గదా?" నోరు ఊకుంటదా నాది.

"కూర యాడ తప్పింది? కూర కరెక్టే, తారీఖు తప్పింది. నేను కూర అన్న, తారీఖు అనలే." గోకరకాయ ఈనె తీసి పక్కకు పడేసింది. "కాని ఊకెనే అనుకోకు. పొద్దటి గంటె నాది, మాపటి గంటె నీది. పగటీలి నీ డబ్బతోని ఏం జేసుకుంటవో జేసుకో. కుట్టే ఆమె రొండుసార్లు వచ్చి అడిగి పోయింది."

తెల్లారి నాలుగింటికి ఇద్దరం పొయ్యి కాడనే ఉన్నం. ఒకే ఇంట్ల, ఒకే గడప లోపల. అయినా ఆమె ఫోన్ తీసి మూతి కాడ పెట్టుకోని, "హలో, హలో" అన్నది. నేను పక్కనే ఉన్న గదా అత్తమ్మా అంటె, "గట్లయితెనే నాకు మాటలొస్తయి, సప్పుడు జెయ్యకు" అన్నది. నేను టైప్ జేసిన, అక్షరం తప్పకుంట:

"ఇయ్యాల గోకరకాయ, పప్పు, చారు. కోడలు వచ్చింది. ఉప్పు ఎక్కువైతె ఆమెనడుగుండ్రి, తక్కువైతె గూడ ఆమెనే అడుగుండ్రి. నాకు ఫోన్ జెయ్యకుండ్రి."